మింగిన మాత్ర మింగినట్టే

పత్రికలో పనిచేసినవాడెవడూ తప్పు చేయకుండా బయటపడలేదు. నేనూ చేశాను. బతికున్న పత్తి వ్యాపారికి శ్రద్ధాంజలి వేయించాను. ఆయనే స్వయంగా వచ్చి, వార్త సరే గానీ ఫొటో బాగా రాలేదని గొడవపడి పోయాడు. వాన కురిసిన ఊళ్ళో కరువని, కరువున్న ఊళ్ళో వరదని రాశాను. అవన్నీ దోమకాట్లు. ఇప్పుడు చెప్పబోయేది పాముకాటు. దీని తర్వాత కొంతకాలం ఆదోనిలో నాతో చేయి కలపడానికి జనం వెనకాడారు. కలిపినవాళ్ళు నా కళ్ళముందే కుళాయి ఎక్కడుందా అని వెతికారు. భోజనం చేస్తూ చదువుతున్నవారు పళ్ళెం ముగించి రండి. నేనెక్కడికీ పోను.

అప్పుడు నేను ఆదోనిలో ఒక దినపత్రికకు విలేకరిని. ఆఫీసంటే మస్తాన్ భాయ్ టిఫిన్ హోటలు మీది గది. కింద ఉగ్గాని తాలింపు, పైన వార్తల తాలింపు. సెల్‌ఫోన్లు వచ్చాయి గానీ ఫొటోలు తీసేవి ఇంకా అందరి చేతుల్లోకి రాలేదు. వచ్చి ఉంటే నా కథ ఇంత దుర్వాసన కొట్టేది కాదు. కర్నూలు డెస్కులో కూర్చునే మా ఇన్‌ఛార్జి సార్‌కు నా మీద అభిమానం ఉండేది, నమ్మకం ఉండేది కాదు. రోజూ సాయంత్రం ఫోన్లో ఒకటే పాట.

"ఏమప్పా, ఈ పొద్దు కూడా బస్టాండులో కుళాయి కారతానే ఉందా?"

"కారతాంది సార్."

"దాన్ని కారనీ. జిల్లా అంతా ఉలిక్కిపడే వార్త ఒకటి పంపు, నేను రిటైరయ్యేలోగా."

ఉలిక్కిపడే వార్త ఎమ్మిగనూరు నుంచి వచ్చింది. అక్కడ మా మేనమామ ఈరన్న చేనేత మనిషి. గుంతమగ్గంలోకి కాళ్ళు దించుకుని ఏళ్ళ తరబడి తొక్కీ తొక్కీ మోకాళ్ళు అరగదీసుకున్నాడు. లేస్తే 'అమ్మా', కూర్చుంటే 'అయ్యా'. ఆ వీధిలో సగం ఇళ్ళల్లో ఇదే సంగీతం. ఊరి బయట ఫార్మసీ కాలేజీలో సరోజ మేడమ్ అనే అధ్యాపకురాలు ఈ సంగీతం విన్నారు. గుగ్గిలం జాతి చెట్టు బంకతో మోకాళ్ళ నొప్పికి మాత్ర తయారుచేశారు. బంక సంగతి మన తాతలకూ తెలుసు. ఆమె కొత్తగా చేసిందల్లా దాన్ని తేనెమైనంలో కలిపి బిళ్ళ కట్టడం. పొద్దున ఒకటి మింగితే మందు ఒక్కసారిగా మీద పడకుండా, కొంచెం కొంచెంగా సాయంత్రం దాకా ఊరుతూ ఉంటుంది. పూటపూటా మింగే పనిలేదు. కావలసిన అనుమతులన్నీ తెచ్చుకుని, ఒప్పుకున్న నేతవాళ్ళకు ఇచ్చి, నొప్పి ఏ మేరకు తగ్గుతుందో చూస్తున్నారు. విలేకరుల సమావేశం పెట్టి ఈ సంగతి చెప్పారు కూడా. నేను వెళ్ళాను, నాలుగు ముక్కలు రాశాను. అది లోపలి పేజీలో సంతాపాల పక్కన పడింది.

ఆ తర్వాత ఒకరోజు పొద్దున్నే మామ ఫోన్ చేశాడు.

"అల్లుడా, యాడుండావు?"

"ఆదోనిలోనే మామా."

"ఉన్నపళంగా రా. ఫోన్లో సెప్పేది కాదు ఇది. సూడాల్సింది."

బస్సెక్కి పోయాను. మామ నన్ను పెరట్లోకి తీసుకుపోయి, తలుపు గడియ పెట్టి, రొంటిన దోపుకున్న సున్నం డబ్బా తీసి, అందులోంచి పచ్చటి బిళ్ళ ఒకటి నా అరచేతిలో పెట్టాడు.

"ఏంది మామా ఇది?"

"మాత్ర. మేడమ్ ఇచ్చినేది."

"మరి మింగలేదా?"

"మింగినా. నిన్న మింగినా. ఈ పొద్దు వచ్చినాది."

"యాడ నుంచి వచ్చింది?"

మామ నా వైపు జాలిగా చూశాడు. "ఎంతవరకు సదివినావు రా నువ్వు?"

అప్పటికే అది నా అరచేతిలో ఉందని మరొకసారి మనవి చేసుకుంటున్నాను.

"కడిగినావా మామా?"

"కడగకుండా ఇస్తానా? మీ అత్త సబ్బు ఇయ్యనన్నాది. బూడిదేసి తోమినా."

"అసలు నీకెట్ల కనపడింది?"

"నూరు పోగుల్లో తెగిన పోగు యాడుందో పట్టే కన్ను రా ఇది. ఇంత లావు బిళ్ళ కనపడదా?"

వంటింట్లోంచి మా లక్ష్మత్త గొంతు వచ్చింది. "ఇంట్లో ఉప్పు అయిపోతే మాత్రం కనపడదు ఆ కన్నుకు."

నేను బిళ్ళను వెలుతురుకు పెట్టి చూశాను. అంచు అరగలేదు, చెక్కు చెదరలేదు. నాలో నిద్రపోతున్న పరిశోధక విలేకరి ఒళ్ళు విరుచుకుని లేచాడు. లేవకుండా ఉంటే బాగుండేది.

"నొప్పి సంగతేంది మామా?"

"నొప్పి తగ్గినాది. అది వేరే మాట."

"మాత్ర కరగకుండా నొప్పి ఎట్ల తగ్గుతాది? అంతా నీ భ్రమ."

"భ్రమనా? నిన్న బజారు దాకా నడిసిపోయినా గదరా."

"భ్రమలో నడిచినావు."

మామ తన మోకాళ్ళ వైపు అనుమానంగా చూసుకున్నాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని పెద్దలన్నారు. ఆ పొద్దు మోకాలికి లేని నొప్పి విలేకరికి పుట్టింది.

రెండో పక్షం మాట కూడా వినాలన్నది పత్రికా ధర్మం. నేను ధర్మం తప్పలేదు. కాలేజీకి ఫోన్ చేశాను. మేడమ్ క్లాసులో ఉన్నారన్నారు. వెంటనే 'ఆమె వివరణ కోరేందుకు ప్రయత్నించగా అందుబాటులోకి రాలేదు' అని రాసుకుని ధర్మాన్ని ముగించాను.

మర్నాడు జిల్లా మొదటి పేజీలో, పై నుంచి కిందికి, 'మింగిన మాత్ర మింగినట్టే' అన్న శీర్షికతో నా వార్త వచ్చింది. నేత కార్మికుల కడుపుల్లోకి మైనం పోతోందని ఒక ఉపశీర్షిక. చివర ఒక వాక్యం. దాన్ని డెస్కువాళ్ళు చేర్చారని అబద్ధమాడను. అది అచ్చంగా నా సొంత కవిత్వం. 'ఇలాంటి అనుభవం ఎదురైనవారు తగిన ఆధారాలతో మా ఆదోని కార్యాలయాన్ని సంప్రదించవచ్చు.'

సంప్రదించారు.

మస్తాన్ భాయ్ మెట్లెక్కి వచ్చాడు. "రిపోర్టర్ సాబ్, ఎమ్మిగనూరు బస్సు దిగి జనం ఈడికే వస్తాండారు. అందరి చేతుల్లో డబ్బాలుండాయి. ఏం పంచుతాండావు?"

"పంచడం ల్యా భాయ్. తీసుకుంటాండా."

"ఏం తీసుకుంటాండావు?"

చెప్పాను. ఆయన 'తౌబా' అంటూ చెంపలేసుకుని, చేతిలోని నీళ్ళ జగ్గు అక్కడే వదిలేసి దిగిపోయాడు. కాసేపటికి కింద హోటలు వాకిలికి అడ్డంగా బల్ల వేసి, 'పేపర్ ఆఫీసుకు వెనక దారి' అని సుద్దతో రాసిపెట్టాడు.

నా బల్ల మీద ఆధారాలు పేరుకున్నాయి. అగ్గిపెట్టెల్లో కొన్ని, పొడుం డబ్బాల్లో కొన్ని. ఒకాయన నా వార్త పడిన కాగితంలోనే పొట్లం కట్టుకొచ్చాడు. పత్రికకు అంతకంటే నిక్కచ్చి అభిప్రాయం ఏ పాఠకుడూ పంపలేదు. ఒకావిడ బంగారు అంగట్లో ఇచ్చే గులాబీ రంగు డబ్బా తెరిచింది. కమ్మలుండాల్సిన దూది మీద మాత్ర.

"ఇది మా ఆయనది సార్. ఆయనకు సిగ్గు, నన్ను పంపినాడు."

హొళగుంద నుంచి వచ్చిన ఒక పెద్దాయన వేరే రకం ఆధారం తెచ్చాడు.

"నువ్వూ మేడమ్ మాత్ర మింగుతాండావా పెద్దాయనా?"

"ల్యా స్వామీ."

"మరి ఇదేంది?"

"సింతగింజ. ఇది కూడా మింగినేది మింగినట్టే వచ్చినాది. రాసుకోండి."

రాసుకున్నాను. పత్రికలో తర్ఫీదు పొందినవాణ్ణి కదా, ప్రతి డబ్బా మీద ఒక చీటీ అంటించాను. ఎవరు, ఏ వీధి, ఎప్పుడు మింగారు, ఎప్పుడు వచ్చింది. విలేకరి అడగాల్సిన ప్రశ్నల్లో 'ఎలా' అన్నది మాత్రం ఎవరినీ అడగలేదు.

మధ్యాహ్నం మేడమ్ ఫోన్ చేశారు. అరవలేదు. అరిచి ఉంటే నాకు తేలికగా ఉండేది.

"నన్ను ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది. నేతవాళ్ళంతా మాత్ర మానేశారు. మైనం కడుపులో ముద్ద కడుతుందని వీధంతా పుకారు. వాళ్ళు వెంటనే మళ్ళీ మొదలుపెట్టకపోతే నా పని ఇక్కడితో పోయినట్టే. మొదటి నుంచి చేయడానికి నాకు రెండోసారి ఎవరూ అనుమతి ఇవ్వరు."

"మేడమ్, నా దగ్గర ఆధారాలున్నాయి."

"ఆధారాలంటే?"

"మాత్రలే. వచ్చినవి వచ్చినట్టు, పేర్లతో సహా."

"ఎన్ని?"

"సంచి నిండా."

ఆమె గొంతు వణికింది. "వెంటనే తీసుకుని వస్తారా? ఎండ తగలనివ్వకండి."

దొంగ గొంతు అలాగే వణుకుతుందని నాకు గట్టి నమ్మకం. ఇన్‌ఛార్జి సార్‌కు చెబితే ఆయనా ఉత్సాహపడ్డాడు. "పో. ఆమె ముందరే పరీక్ష చేయించు. రేపటికి రెండో భాగం."

సంచి ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చున్నాను. అన్నిటికంటే పైన గులాబీ రంగు డబ్బా. పక్క సీటు ముసలామె దాన్నే చూస్తూ అడిగింది.

"పెండ్లికా నాయనా?"

"కాదవ్వా."

"మరి సీమంతానికా?"

"కాదవ్వా."

"ఏ శుభమూ లేకుండా నగలు తీసుకుపోతాండావా? కాలం మంచిది కాదు, గట్టిగా పట్టుకో."

గట్టిగా పట్టుకున్నాను.

ప్రయోగశాలలో మేడమ్ చేతులకు తొడుగులు వేసుకుని సిద్ధంగా ఉన్నారు. సంచి చూడగానే ఆమె కళ్ళు మెరిశాయి. "తలుపు వేయండి. ఒక్కటి కూడా పోగూడదు" అంటూ సంచి అందుకోబోయారు. నేను వదల్లేదు. ఆమె లాగారు, నేనూ లాగాను. పిండి కొద్దీ రొట్టె అన్నట్టు ఆధారం కొద్దీ వార్త; నేను నా రొట్టెను ఎలా వదులుతాను?

"మేడమ్, సాక్ష్యాలు మాయం చేయాలని చూస్తే బాగుండదు."

"మాయం చేయడమా? వీటికోసం ఎన్నాళ్ళుగా అడుక్కుంటున్నానో తెలుసా? తెచ్చిమ్మని ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. ఒక్కరూ తేలేదు, అందరికీ సిగ్గు. మీరేం మంత్రం వేశారు?"

"పేపర్లో వేశాను మేడమ్."

నా పట్టు సడలింది. ఆమె ఒక్కొక్క చీటీ చదువుతూ డబ్బాలు వరసగా పేర్చుకున్నారు. చింతగింజ పక్కన పెట్టారు. సున్నం డబ్బా దగ్గర ఆగిపోయారు. "ఇది పనికిరాదు. దీన్నెవరో గిన్నె తోమినట్టు తోమారు." తోమింది మా మామేనని ఒప్పుకుని మా వంశ గౌరవాన్ని ఆ బూడిదలోనే కలిపాను.

ఒక బిళ్ళను బ్లేడుతో నిలువునా కోసి భూతద్దం కింద పెట్టి నన్ను చూడమన్నారు. లోపలంతా సన్నని తూట్లు. తేనె పిండేసిన పట్టులా ఉంది.

"మందు ఈ తూట్లలోంచి ఊరి ఒంటికి పట్టింది. మిగిలింది ఖాళీ మైనపు గూడు. గూడు కరగకూడదు. కరిగితే మందంతా ఒక్కసారే మీద పడుతుంది. మీరు చెరకు నమిలి పిప్పి ఉమ్ముతారు. పిప్పి కనబడిందని, చెరకులో తీపి లేదని పేపర్లో వేస్తారా?"

"ఈ మాట ఎవరికైనా ముందే చెప్పాల్సింది మేడమ్."

"అందరికీ చెప్పాను. మీ మామకు చెబితే తల ఊపారు."

మగ్గం చప్పుడుకు చెవులు మొద్దుబారిన మనిషి. ఎవరేం చెప్పినా తల ఊపుతాడు. కోర్టులో ఉరిశిక్ష వేసినా ఊపుతాడు.

"విలేకరుల సమావేశంలోనూ చెప్పాను. ఖాళీ గూడు బయటికి వస్తుంది, కంగారు పడకండి అని. మీరు ముందు వరసలోనే కూర్చున్నారు."

నిజమే. మిరపకాయ బజ్జీల పళ్ళెం ఆ వైపు నుంచే వస్తోందని ముందు వరసలో కూర్చున్నాను. ఆమె గూడు గురించి చెబుతున్నప్పుడు నేను బజ్జీలోంచి గింజలు ఏరుతున్నాను. ఇల్లలకగానే పండగ కాదు, పేపరు అచ్చవగానే నిజం కాదు అన్న సత్యం ఆ భూతద్దం కింద నాకు కనిపించింది.

"సవరణ వేయిస్తాను మేడమ్."

"వేయించండి. దానితో పాటు వీధికి రండి."

సవరణ వచ్చింది. ఏనుగంత వార్తకు ఆవగింజంత సవరణ. దాన్ని చదవాలంటే మేడమ్ భూతద్దమే కావాలి. కాబట్టి వీధికి వెళ్ళక తప్పలేదు. మగ్గాలు ఆగాయి. జనం చేరారు. నేను తప్పు రాశానని, గూడు ఖాళీదని, మందు ఒంటికి పట్టిందని చెప్పాను. మామ పక్కింటి నరసన్న ముందుకొచ్చాడు.

"అంతా సరే. ఈరన్నది వచ్చినాది, కనపడినాది. నాది నాకు కనపడనే ల్యా. లోపలే ఉండాది గదా? ముద్ద కట్టిండాది."

"కట్టదండీ. మీదీ పోయే ఉంటుంది, మీరు చూసి ఉండరు" అన్నారు మేడమ్.

"సూసే పని మాకేముంది మేడమ్? మేము ఈరన్న మాదిరి కాదు."

వీధి గొల్లుమంది. మామకు రోషమొచ్చింది. "రాసింది వాడు, తోమింది నేను. వాణ్ణి ఇడిసిపెట్టి నన్నంటారేంరా?"

లక్ష్మత్త కొంగు బిగించింది. "ఇంత మాటలెందుకు? రాసినోణ్ణే ఒకటి మింగి సూపియ్యమను."

"నాకు మోకాళ్ళ నొప్పి లేదత్తా."

"నొప్పి లేకుండానే గదా రాసినావు. నొప్పి లేకుండానే మింగు."

నేను ఆశగా మేడమ్ వైపు చూశాను. చదువుకున్న మనిషి, వద్దంటారని. ఆమె చేతిసంచి తెరిచారు. "మందు కలపని బిళ్ళ ఉంది. ఉత్త మైనం. ఏ హానీ లేదు."

వీధి మొత్తం చూస్తుండగా మింగాను. అది బయటికొచ్చేదాకా నన్ను ఊరు దాటనివ్వకూడదని అక్కడికక్కడే తీర్మానం జరిగింది. మామ ఇంట్లో ఖైదు.

పొద్దున లేచేసరికి గడపలో జనం.

"వచ్చినాదా?"

"ఇంకా ల్యా."

"సెప్పలేదా నేను, ముద్ద కట్టినాదని" అన్నాడు నరసన్న.

నా కడుపు అంతకుముందు గడియారం. ఇన్ని కళ్ళు చూస్తుండేసరికి సిగ్గుపడి అంగడి మూసేసింది. అత్త జొన్నరొట్టె పెట్టింది, ఆకుకూర పెట్టింది, బొప్పాయి కోసింది. రొట్టె రొట్టెకూ నా మొహంలోకి చూసింది. మాత్ర మానేయడంతో మామకు నొప్పి మళ్ళీ తిరగబెట్టింది. గుంతలోకి కాళ్ళు దించలేక మగ్గం పక్కన కూలబడి నిట్టూర్చాడు.

"నా మోకాలు నీ కడుపు మీద ఆధారపడినాది రా అల్లుడా."

"భ్రమ అనుకో మామా."

"ఏం, నీ కడుపు తవ్వేదానికి పలుగు తెమ్మంటావా?"

సాయంత్రం మేడమ్ ఫోన్. తొందరేం లేదన్నారు. ఆ వెంటనే, రేపటికి వాళ్ళు మొదలుపెట్టకపోతే మాత్రం మధ్యలో పడ్డ ఖాళీ వల్ల చేసిందంతా లెక్కలోకి రాదన్నారు. ఒక ఆడమనిషి ఏళ్ళ కష్టం నా పేగుల్లో ఎక్కడో మలుపు దగ్గర ఆగి ఉంది. ఆ రాత్రి నేను మొక్కని దేవుడు లేడు. ఏం కోరుకుంటున్నానో పైకి చెప్పుకోలేని మొక్కు అదొక్కటే.

తెల్లవారింది. దేవుళ్ళలో ఎవరో విన్నారు.

డిగ్రీ చదివిన మనిషిని. జిల్లా మొదటి పేజీలో వార్త వేయించుకున్న మనిషిని. పెరట్లో గొంతుక్కూర్చుని, బూడిద వేసి తోముతూ, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను, ఆనందం వల్ల. అగ్గిపెట్టెలో పెట్టుకుని గడపలోకి వచ్చేసరికి వీధంతా లేచి నిలబడింది. మామ దాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని, సావుకారు చీర అంచు పరీక్షించినట్టు తిప్పి తిప్పి చూశాడు.

"మైనమే. ఒక్క పోగు కూడా తగ్గలేదు."

నరసన్న నాలుగడుగుల దూరం నుంచే మెడ సాచి చూశాడు. "మైనమే. సరే, మేడమ్‌ను రమ్మనండి. మాత్రలు తెమ్మనండి."

ఆ రోజే అందరూ తిరిగి మొదలుపెట్టారు. మేడమ్ పని ఆగలేదు. మామ గుంతలో కాళ్ళు దించాడు, బజారుకు భ్రమ లేకుండా నడిచాడు.

చాలాకాలానికి మేడమ్ నుంచి నాకొక కవరు వచ్చింది. ఆమె పరిశోధన ఎక్కడో విదేశీ మందుల పత్రికలో ఇంగ్లీషులో అచ్చయింది. ఆ గూళ్ళను కోసి పరీక్షిస్తే మందు దాదాపు మిగల్లేదని, మాత్ర సరిగ్గా పనిచేసిందనడానికి అదే గట్టి రుజువైందని రాశారు. చివర కృతజ్ఞతలు. మొదట కాలేజీకి, తర్వాత నేతవాళ్ళకు, ఆ తర్వాత, 'మల నమూనాలను శ్రద్ధగా సేకరించి, వివరాలతో సహా అందజేసినందుకు' ఇంటిపేరుతో పాటు పూర్తిగా నాకు. మా రోజుల్లో విలేకరి రాసిన వార్త మీద ఊరి పేరే ఉండేది గానీ సొంత పేరు ఉండేది కాదు. జీవితంలో నా పేరు అచ్చులో చూసుకోవడం అదే మొదలు.

అక్కడితో పోయినా బాగుండేది. ఇప్పుడు ఎవరు ఇంటర్నెట్లో నా పేరు కొట్టినా మొదట అదే వస్తుంది. మొన్న మా అబ్బాయిని చూసుకోవడానికి వచ్చిన పెళ్ళివారు కూడా వెతికారట. కాఫీ తాగుతూ పెద్దాయన మెల్లగా అడిగాడు. "మీరు పత్రికలో చేశారని విన్నాం. మరి పత్రికలో చేరకముందు ఏ పని చేసేవారు?"

అందుకని పాఠకుల సమక్షంలో, రెండు చేతులూ శుభ్రంగా సబ్బుతో కడుక్కుని ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరి కడుపులో ఏముందో నోటి ద్వారా చెబితేనే రాసుకుంటాను. మరే దారిన బయటికి వచ్చినా, అది ఎంత పెద్ద వార్తయినా సరే, ముట్టుకోను.